రెండో వరసలో ఒక సీజన్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  భోజనాల వేళకు ముందు మైకు నా చేతికిచ్చారంటే నా మీద నమ్మకం ఎక్కువని అర్థం, లేదా వంట ఇంకా కాలేదని అర్థం. ఏదైనా సరే, నాకిచ్చిన సమయంలోనే ముగిస్తాను.

నన్ను చాలామంది గుర్తుపట్టరు. నేను ఏ ర్యాంకూ తెచ్చుకున్నవాణ్ణి కాదు. ఆటల్లో కూడా మెడలో పతకం పడ్డవాణ్ణి కాదు. మన బడి క్రికెట్ టీమ్‌కి మూడేళ్లు స్కోరర్‌ని. ఇప్పచెట్టు కింద రాయి మీద కూర్చుని పెన్సిల్‌తో చుక్కలు పెట్టిన పొట్టివాడు గుర్తుంటే, వాణ్ణే నేను. ఆ అలవాటు పోలేదు. రిటైరై హైదరాబాద్‌లో కూతురు దగ్గర ఉంటున్నాను. ఎక్కడ మ్యాచ్ జరుగుతున్నా పుస్తకం, పెన్సిల్ పట్టుకుని పోతాను. మా అల్లుడు దీన్ని జబ్బంటాడు.

ఈ రోజు మీకు చెప్పదలుచుకున్నది ఒక సీజన్ గురించి. మన రాష్ట్ర జట్టు, అంటే హైదరాబాద్, రంజీ ట్రోఫీలో రెండో వరసకు దిగిపోయి ఆడిన సీజన్. 2023-24.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. రంజీలో ఇప్పుడు రెండు అంతస్తులు. పై దాన్ని ఎలైట్ అంటారు, కింది దాన్ని ప్లేట్ అంటారు. ఆ ఏడు పైన 32 జట్లు, కింద 6 జట్లు. పైన అందరికంటే అడుగున నిలిచిన రెండు జట్లు కిందికి దిగాలి. కింద ఫైనల్ చేరిన రెండూ పైకి ఎక్కాలి. నిచ్చెన అంతే.

హైదరాబాద్ అంటే మామూలు జట్టా? 1937-38లోనే నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో రంజీ గెలిచింది. 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీ మీద మళ్లీ గెలిచింది. గులాం అహ్మద్, జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ ఆడిన జట్టు. అలాంటిది 2022-23లో ఏడు మ్యాచులాడి ఒక్కటీ గెలవలేదు. నాగాలాండ్‌తో పాటు కిందికి దిగింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదంటే మా ఇంట్లో నవ్వారు. ఆస్తి పోయిన జమీందారు కుటుంబం అద్దె ఇంట్లోకి మారితే ఊరు ఎట్లా చూస్తుందో అట్లా చూశారు జనం.

కింద ఎవరున్నారు? నాగాలాండ్, మేఘాలయ, మిజోరం, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్. కొండలు, అడవులు ఉన్న రాష్ట్రాలు. వీటన్నిటికీ 2018-19లోనే రంజీలో చోటు దొరికింది. ఆ ఏడు ఒకేసారి తొమ్మిది కొత్త జట్లు వచ్చాయి. దాని మీద పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా పెదవి విరిచారు, స్థాయి పడిపోతుందని. మనకు కొత్త మాట కాదిది. ఖమ్మంలో టోర్నమెంటుకు మన బడి పేరు ఇస్తే రాసుకునే ఆయన తల ఎత్తి ఒకసారి చూసి, "అడివి బడా?" అన్న రోజు నేను పక్కనే ఉన్నాను.

ఇక ఆట. హైదరాబాద్ కెప్టెన్ తిలక్ వర్మ. ఎలక్ట్రీషియన్ కొడుకు. అప్పటికే భారత జట్టుకు ఆడినవాడు, ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చినవాడు. వచ్చి ఈ కింది వరసలో జట్టును నడిపించాడు. మొదటి మ్యాచ్ నాగాలాండ్‌లోని సోవిమాలో. రాహుల్ సింగ్ 157 బంతుల్లో 214 కొట్టాడు, తిలక్ నూరు కొట్టాడు. ఇన్నింగ్స్ 194 పరుగుల తేడాతో గెలిచారు. ఆ తర్వాత తిలక్ భారత జట్టులోకి వెళ్లి అఫ్గానిస్థాన్ మీద ఆడి, మళ్లీ తిరిగి ఇక్కడికే వచ్చాడు. సిక్కిం మీద ఇంకో నూరు కొట్టాడు. ఆ మ్యాచ్‌లో సిక్కిం మొదటి ఇన్నింగ్స్ 79కే అయిపోయింది.

ఇట్లా పైకీ కిందికీ ఒకే మనిషి ఆడటం చిన్నతనం కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. గ్లాస్గోలో ఉంటున్న మన జూనియర్ ఒకడు వాట్సాప్ గ్రూపులో ఆ మధ్య ఒక వీడియో పెట్టాడు, చూసే ఉంటారు. మట్టి ట్రాక్ మీద మోటార్ సైకిళ్ల పందెం. స్పీడ్‌వే అంటారట. నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు. బండికి బ్రేకు లేదు, ఒక్కటే గేరు, ఇంధనం మిథనాల్. మలుపులో బండిని పక్కకు జార్చి తిప్పుతారు, మట్టి ఎగిరి చూసేవాళ్ల మీద పడుతుంది. మొదటివాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, ఆఖరువాడికి సున్న. వాడు చూసే గ్లాస్గో టైగర్స్ రెండో అంతస్తు లీగు జట్టు. అక్కడ కొందరు రైడర్లు ఒకే సీజన్‌లో పై లీగులో ఒక జట్టుకు, కింది లీగులో ఇంకో జట్టుకు ఆడతారు. ఈ వారం పైన ఆఖరున వచ్చి సున్న తెచ్చుకున్నవాడే మరో రోజు కింద మొదట వచ్చి మూడు తెచ్చుకోవచ్చు. ఎవరూ దాన్ని చిన్నతనం అనుకోరు. తిలక్ చేసింది కూడా అదే. మనం అనవసరంగా సిగ్గుపడుతున్నామేమో అని నాకు ఆ వీడియో చూశాకే అనిపించింది. బ్రేకు లేని బండి మాత్రం వద్దు నాయనా, మన భద్రాచలం రోడ్డు మీద బ్రేకులున్న బండ్లే చాలు.

ఇప్పుడు అసలు రోజు. 2024 జనవరి 26. హైదరాబాద్‌లో నెక్స్‌జెన్ గ్రౌండు. అరుణాచల్ ప్రదేశ్‌తో మ్యాచ్. నేను పుస్తకంతో హాజరు.

అరుణాచల్ మొదట బ్యాటింగ్ చేసింది. 172కు ఆలౌట్. తర్వాత మన తన్మయ్ అగర్వాల్ దిగాడు. ఏమని చెప్పను? 119 బంతుల్లో 200. రవిశాస్త్రి పేరున ఏళ్ల తరబడి ఉన్న 123 బంతుల లెక్క పోయింది. 147 బంతుల్లో 300. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ చరిత్రలోనే అంత త్వరగా మూడు వందలు ఎవరూ కొట్టలేదు. అంతకు ముందు రికార్డు దక్షిణాఫ్రికా ఆటగాడు మార్కో మరైస్‌ది, 191 బంతులు. రాహుల్ సింగ్ 105 బంతుల్లో 185 కొట్టి ఔటయ్యేసరికి మొదటి వికెట్‌కు 449. ఆ సాయంత్రానికి హైదరాబాద్ స్కోరు 48 ఓవర్లలో ఒక వికెట్‌కు 529. తన్మయ్ చివరికి 181 బంతుల్లో 366 దగ్గర ఔటయ్యాడు. 34 ఫోర్లు, 26 సిక్సర్లు. ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కూడా ప్రపంచ రికార్డే. నా స్కోరు పుస్తకంలో ఒక బ్యాటర్‌కి ఇచ్చే గడి సరిపోక, కింద ఎక్స్‌ట్రాల గడిలోకి, అక్కడి నుంచి మార్జిన్‌లోకి పోయాను. ఇంటికొచ్చాక వేళ్లు నొప్పి. హైదరాబాద్ 615 దగ్గర డిక్లేర్ చేసి ఇన్నింగ్స్ 187 పరుగులతో గెలిచింది.

మర్నాడు పేపర్లన్నీ తన్మయ్. రాయాలి కూడా. కానీ రాత్రి పడుకునే ముందు నేను పుస్తకం మళ్లీ తెరిచాను. అలవాటు, కూడికలు సరిచూసుకోవడం. మొదటి పేజీ, అరుణాచల్ ఇన్నింగ్స్. 172లో ఒక్కడివే 97. టెచి డోరియా. నాటౌట్.

నూటికి మూడు పరుగులు. అవతల చివరి వికెట్ పడిపోయింది. ఇక నిలబడటానికి తోడు లేడు. బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాసేపటికే అదే పిచ్ మీద చరిత్ర మొదలైంది, ఆ చరిత్ర కింద ఈ 97 పూర్తిగా మునిగిపోయింది. పొద్దున ఆయన ఆడుతున్నప్పుడు రాసింది నేనే. సాయంత్రానికి నేనే మర్చిపోయాను. నాకది సిగ్గుగా అనిపించింది.

ఎందుకంటే ఇదే పని నా ముందు ఒకసారి జరిగింది. కొత్తగూడెంలో అంతర పాఠశాలల పోటీ. మనవాళ్లు పట్నం బడి మీద 31కి ఆలౌట్. టేకు చెక్కతో చేయించిన బ్యాట్లు, ఎత్తాలంటేనే రెండు చేతులు కావాలి. అవతలివాళ్లకు ప్యాడ్లు, గ్లవ్స్. మనకు బాల్ కొనడానికే వేసవంతా తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పి తెచ్చుకున్న డబ్బులు. ఆ 31లో మా ఓపెనర్‌వి 11, నాటౌట్. మొదట దిగి చివరిదాకా నిలబడ్డాడు. చర్ల వైపు నుంచి వచ్చిన హాస్టల్ పిల్లవాడు, కోయ పిల్లవాడు. అతని పాదం మీద బంతి తగిలి ఉబ్బింది. బహుమతుల సభలో గెలిచిన జట్టు పేర్లు పదకొండూ చదివారు. ఓడిన జట్టుకు "ప్రయత్నం బాగుంది" అన్నారు. తిరుగు బస్సులో మా డ్రిల్ సారు నా పుస్తకం అడిగి తీసుకుని, ఆ 11 కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. ఏమీ మాట్లాడలేదు. పుస్తకం తిరిగి ఇచ్చేశారు.

ఆ ఓపెనర్ పదో తరగతికి రాలేదు. అతను ఈ రోజు ఇక్కడికి వచ్చాడు. వెనక స్తంభం పక్కన కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. బావా, తల దించుకోకు, నీ 11 ఇదిగో, గీతలతో సహా నా చేతిలో ఉంది.

సరే, సీజన్ కథ పూర్తి చేస్తాను. హైదరాబాద్ లీగులో ఐదింటికి ఐదూ గెలిచింది. సెమీస్‌లో మళ్లీ నాగాలాండ్‌ను ఓడించింది. ఫైనల్ ఫిబ్రవరి 17న ఉప్పల్‌లో మొదలైంది, ఎదురు మేఘాలయ. అందరూ మళ్లీ ఇన్నింగ్స్ విజయమే అనుకున్నారు. కాదు. మేఘాలయ మొదటి ఇన్నింగ్స్‌లో 304 చేసింది. మనవాళ్లు 350. వాళ్లు మళ్లీ 243. మనకు 198 కావాల్సి వచ్చింది, ఐదు వికెట్లు పోగొట్టుకుని నాలుగో రోజు కొట్టాం. ఆ సీజన్‌లో నాకు నచ్చిన మ్యాచ్ అదే. అవతలివాడు నిలబడ్డాడు కాబట్టి గెలుపుకు బరువొచ్చింది. తిలక్ కప్పు అందుకున్నాడు. క్రికెట్ సంఘం అధ్యక్షుడు జట్టుకు పది లక్షలు ప్రకటించి, మూడేళ్లలో రంజీ గెలిస్తే ఆటగాళ్లకు తలా ఒక బీఎండబ్ల్యూ కారు అన్నారు. కారు సంగతి నాకెందుకు, బస్సు పాస్ ఉంది.

ఓడినా ఫైనలిస్టు కాబట్టి మేఘాలయ కూడా పైకి వెళ్లింది. మరుసటి సీజన్ పైన వాళ్లకు ఏమైంది? 2025 జనవరి 30న ముంబైలో, ముంబై మీద, రెండు పరుగులకే ఆరు వికెట్లు పోయాయి. పొరపాటు వినలేదు మీరు, రెండే పరుగులు. ముంబై 671 చేసింది. మేఘాలయ ఇన్నింగ్స్ 456 పరుగులతో ఓడింది, సీజన్ ముగిసేసరికి మళ్లీ కిందికి దిగింది. హైదరాబాద్ మాత్రం పైనే నిలిచింది. ఆ తర్వాత 2025 నవంబరులో సూరత్‌లో ప్లేట్ మ్యాచ్. మేఘాలయ ఆటగాడు ఆకాశ్ కుమార్ చౌధరి వరసగా ఎనిమిది సిక్సర్లు కొట్టి 11 బంతుల్లో యాభై చేశాడు. ఫస్ట్‌క్లాస్‌లో అంతకంటే వేగమైన యాభై లేదు. ఎదురు ఎవరనుకున్నారు? అరుణాచల్ ప్రదేశే. పాపం, రికార్డు పుస్తకంలో వాళ్ల పేరు ప్రతిసారీ "మీద" అన్న మాట ముందే వస్తుంది.

అయినా వాళ్లు జట్టును పంపడం మానలేదు. ఏటా వస్తున్నారు. నేను మాట్లాడాలనుకున్నది వాళ్ల గురించే. హైదరాబాద్‌కు ప్లేట్ అంటే పడిపోయిన చోటు. టెచి డోరియాకు అది ఎక్కి చేరుకున్న చోటు. ఒకే మైదానం, ఒకే రోజు. మన పిల్లలకు ఆ కింది మెట్టు కూడా లేదు. ఇది నా అసలు బాధ.

మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషను చూడండి. 2023లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. 2025లో మలేషియాలో మళ్లీ గెలిచారు. 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. స్కాట్లాండ్ మీద 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం, మన భద్రాద్రి బిడ్డ అని. కానీ ఆ బిడ్డ చిన్నప్పుడే వాళ్ల నాన్న ఇక్కడి జిమ్, పొలం వదులుకుని సికింద్రాబాద్‌కు కాపురం మార్చారు. ఆటంతా అక్కడ నేర్చుకుంది. ఆ తండ్రికి చేతులెత్తి మొక్కాలి. అయితే అమ్ముకోవడానికి పొలం లేని తండ్రి సంగతేమిటి? పోడు భూమికి పట్టా కోసం తిరుగుతున్న తండ్రి సంగతేమిటి? ఆడదామంటే రోజువారీ లీగులు రాజధానిలో. ఇక్కడి నుంచి తెల్లవారుజామున బస్సెక్కినా మ్యాచ్ సగం అయిపోతుంది.

అందుకని సంఘం కమిటీకి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టాలని తీర్మానం పెట్టారని విన్నాను. తోరణం మీద నాకు కోపం లేదు. పేర్లు చెక్కిస్తామంటే నాక్కూడా ఆశ ఉంటుంది, మనిషినే కదా. కానీ పొద్దున వచ్చి మైదానం చూశాను. వాగు వైపు సగం కోసుకుపోయింది. ఇప్పచెట్టు ఉంది, అది దాటితే ఫోర్ అన్న రూలు కూడా ఇప్పటికీ ఉందట, ఏడో తరగతి పిల్లవాడు చెప్పాడు. పిచ్ లేదు. ఉన్న ఒక్క కిట్టు పెద్ద పిల్లల దగ్గరుంది. మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. ఆడపిల్లలు గట్టు మీద కూడా లేరు.

నేనడిగేది ఇంతే. వాగు వైపు గట్టు కట్టించి నేల చదును చేయించండి. ఒక సిమెంటు పట్టీ, దాని మీద ఒక మ్యాటు. కిట్లు ఒకటి కాదు, మూడు: మొదటి జట్టుకు ఒకటి, రెండో జట్టుకు ఒకటి, అమ్మాయిల జట్టుకు ఒకటి. ముఖ్యంగా ఆ రెండో జట్టుకు నెలకో మ్యాచ్. చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలలున్నాయి, వాళ్లకూ రెండో జట్టు పెట్టుకోమందాం. ఓడిపోనివ్వండి, 31కి ఆలౌట్ కానివ్వండి. ఆడటానికి మ్యాచ్ ఉండాలి, రాయడానికి ఒకడుండాలి. పిల్లల బస్సు ఖర్చు మొదటి ఏడాది నా పింఛనులో నుంచి ఇస్తాను. మా ఆవిడకు చెప్పే ఇస్తున్నాను, అనుమానం వద్దు.

తోరణం కావాలనుకున్న మిత్రులు నా మాటకు నొచ్చుకోవద్దు. ఓటింగు పెడితే నేను ఓడిపోవచ్చు. ఓడినా వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను, అరుణాచల్ వాళ్ల లాగా.

వంట అయిందని సైగ చేస్తున్నారు. పాత స్కోరు పుస్తకం హెడ్‌మాస్టర్ గారి బల్ల మీద పెట్టి వెళ్తున్నాను. బడి సొత్తే అది, నలభై ఏళ్లకు పైగా నా దగ్గర ఉండిపోయింది, జరిమానా వేస్తే కట్టుకుంటాను. వెనక పద్నాలుగు పేజీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. పెన్సిల్ మాత్రం మీరే కొనుక్కోవాలి.